ముప్పై ఎనిమిదేళ్ళ ఎన్‌ఫోర్సర్‌కు ఎంత ఇస్తారు?

(టొరంటో శివారులో తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనుక వరుసల్లో వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నా వృత్తి మీలో చాలామందికి తెలుసు. వాడిన యంత్రాలకు విలువ కడతాను. ఒక కర్మాగారం మూతపడినప్పుడు, చేతులు మారినప్పుడు అందులోని లేత్ మిషను, ప్రెస్సు, క్రేను ఈ రోజు అమ్మితే ఎంత పలుకుతాయో లెక్కగట్టి, రాసి, సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. మా అబ్బాయిని తెల్లవారుజామున ఐదున్నరకు ఐస్ హాకీ ప్రాక్టీసుకు తీసుకువెళ్ళి, ఆ చలిలో బల్లల మీద కూర్చుని కూర్చుని నాకూ ఆట అలవాటైంది. ఆట అలవాటయ్యాక మనసు ట్రేడ్‌ల మీదకు పోయింది. ఒక ఆటగాడిని ఇచ్చి మరొక ఆటగాడిని పుచ్చుకోవడం, లేదా డ్రాఫ్ట్‌లో ఒక పిక్ పుచ్చుకోవడం. ఎవరికి ఎంత? ఎందుకంత? రోజంతా నేను వేసుకునే ప్రశ్నే కదా అది!

ఈ రోజు ఒకే రకం ఆటగాడి గురించి మాట్లాడతాను. ఎన్‌ఫోర్సర్. అందులోనూ వయసు మళ్ళిన ఎన్‌ఫోర్సర్. అతని ఖరీదు ఎంత, ఆ ఖరీదు ఎక్కడి నుంచి వస్తుంది, అందులో చేరని లెక్క ఏమిటి. ఈ మూడూ నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నాయి.

హాకీ చూడనివారి కోసం రెండు మాటలు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో ఇద్దరు ఆటగాళ్ళు గ్లవ్స్ కింద పడేసి పిడికిళ్ళతో కొట్టుకుంటే వారిని ఆట నుంచి వెళ్ళగొట్టరు. చెరి ఐదు నిమిషాలు పెనాల్టీ పెట్టెలో కూర్చోబెడతారు. ఐదు నిమిషాలు గడిచాక మళ్ళీ మంచు మీదకు రావచ్చు. ఆ కొట్లాటనే పనిగా పెట్టుకున్నవాడు ఎన్‌ఫోర్సర్. మన జట్టు మేటి ఆటగాడిని ఎదుటివాడు దొంగదెబ్బ కొడితే జవాబు చెప్పాల్సింది ఇతను. నిజానికి అంతకంటే ముఖ్యమైన పని, జవాబు చెప్పాల్సిన అవసరమే రాకుండా చూడడం. బెంచి మీద అతను కూర్చుని ఉన్నాడని ఎదుటి జట్టుకు తెలియాలి. పొలానికి కాపలా ఉన్నట్టు. కాపలావాడు దొంగను పట్టుకున్న రోజులు తక్కువ, దొంగ రాకుండా పోయిన రాత్రులు ఎక్కువ. ఆ రాని దొంగను ఎవరు లెక్కపెడతారు? అందుకే ఇతనికి విలువ కట్టడం కష్టం.

డ్రాఫ్ట్ గురించి కూడా చెప్పాలి. ప్రతి వేసవిలో జట్లన్నీ కుర్రాళ్ళను వరుసగా ఎంచుకుంటాయి. ఆ ఎంచుకునే వంతే పిక్. ఏడు రౌండ్లు. ఇప్పుడు 32 జట్లు. మొదటి రౌండు పిక్ అంటే బంగారం. మూడో రౌండు అంటే ఆశ. ఐదో రౌండు వచ్చేసరికి అప్పటికే 128 మంది వెళ్ళిపోయి ఉంటారు. ట్రేడ్‌లలో ఈ పిక్‌లే నోట్ల కట్టలు. ఎంత ఇచ్చారు అని అడిగితే 'మూడో రౌండు ఇచ్చారు' అంటారు.

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుందాం. మన ఊరి జట్టుకు ఆడినవాడే. ర్యాన్ రీవ్స్. పిల్లలు తలలూపుతున్నారు, వారికి తెలుసు. విన్నిపెగ్ కుర్రాడు. తండ్రి విల్లార్డ్ రీవ్స్ కెనడియన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు. ఈ ర్యాన్ రీవ్స్‌ను ఎప్పుడు ఎంతకు ఇచ్చారో వరుసగా చెబుతాను, వయసులు గుర్తుపెట్టుకోండి.

2017 జూన్, వయసు 30. సెయింట్ లూయిస్ నుంచి పిట్స్‌బర్గ్‌కు. రీవ్స్‌తో పాటు 51వ పిక్ ఇచ్చి సెయింట్ లూయిస్ 31వ పిక్ పుచ్చుకుంది. అది మొదటి రౌండులో చిట్టచివరిది, అయినా మొదటి రౌండే. దాని మీద ఆస్కార్ సుండ్‌క్విస్ట్ అనే కుర్రాడిని కూడా పుచ్చుకుంది. 2021 జూలై, వయసు 34. ఈలోగా చేరిన వేగస్ నుంచి న్యూయార్క్ రేంజర్స్‌కు. ఖరీదు మూడో రౌండు పిక్. 2022 నవంబరు, వయసు 35. రేంజర్స్ నుంచి మిన్నెసోటాకు. ఖరీదు ఐదో రౌండు పిక్, అదీ 2025 సంవత్సరానిది. అంటే రెండున్నరేళ్ళ తరువాత చెల్లేది. 2023 జూలైలో ట్రేడ్ కాదు, మన టొరంటో వారే నేరుగా మూడేళ్ళ ఒప్పందం రాసుకున్నారు, ఏడాదికి పదమూడున్నర లక్షల డాలర్లు. 2025 మార్చిలో అతన్ని వేవర్స్‌లో పెట్టారు. వేవర్స్ అంటే తెలుసా? 'మాకు అక్కర్లేదు, జీతం మీరు భరిస్తే ఉచితంగా తీసుకువెళ్ళండి' అని మిగతా 31 జట్లకూ చెప్పడం. ఒక్కరు కూడా ముందుకు రాలేదు. కింది స్థాయి జట్టు మార్లీస్‌కు పంపారు. దాదాపు నాలుగు నెలలు గడిచాయి. 2025 జూలైలో శాన్ హోసే వచ్చి, హెన్రీ త్రన్ అనే 24 ఏళ్ళ డిఫెన్స్ ఆటగాడిని ఇచ్చి, 38 ఏళ్ళ రీవ్స్‌ను తీసుకువెళ్ళింది.

మార్చిలో ఉచితంగా వద్దన్నారు. జూలైలో మనిషిని ఇచ్చి కొన్నారు. ఆ నాలుగు నెలల్లో రీవ్స్‌కు నాలుగు నెలల వయసు పెరిగింది, అంతే. మరి ఏం మారింది?

మా వృత్తిలో తరుగుదల అని ఉంటుంది. ఖాతా పుస్తకంలో యంత్రం విలువ ఏటేటా మెట్టు దిగినట్టు దిగుతుంది. కానీ సంతలో అలా దిగదు. అమ్మేవాడి దగ్గర ఉన్న వస్తువు ఎంత పాతదన్నది సగం సంగతే. కొనేవాడికి ఎంత అవసరమన్నది మిగతా సగం. వరద వచ్చిన మర్నాడు పాత నీటి పంపుకు కొత్త పంపు ధర పలకడం నేను కళ్ళారా చూశాను. ఎన్‌ఫోర్సర్ విషయంలో ఆ అవసరానికి ఒకటే పేరు. భయం.

రేంజర్స్ కథ చూడండి. 2021 మే 3, న్యూయార్క్. వాషింగ్టన్ జట్టు టామ్ విల్సన్ మొదట మంచు మీద బోర్లా పడి ఉన్న బుచ్నెవిచ్‌ను తల వెనుక గుద్దాడు. తరువాత రేంజర్స్ మేటి ఆటగాడు పనారిన్‌ను, హెల్మెట్ ఊడిపోయిన తలతో, నేల మీదకు విసిరేశాడు. పనారిన్ ఆ సీజన్‌లో మళ్ళీ ఆడలేదు. లీగ్ విల్సన్‌కు వేసిన జరిమానా 5,000 డాలర్లు. సస్పెన్షన్ లేదు. రేంజర్స్ యాజమాన్యానికి ఒళ్ళు మండింది. ఆటగాళ్ళ భద్రత చూసే అధికారి ఆ పదవికి తగడని బహిరంగ ప్రకటన ఇచ్చింది. దానికి లీగ్ రేంజర్స్ మీద వేసిన జరిమానా రెండున్నర లక్షల డాలర్లు! కొట్టినవాడికి ఐదు వేలు, కొట్టాడు అన్నవాడికి రెండున్నర లక్షలు. మే 5న జట్టు అధ్యక్షుడు, జనరల్ మేనేజర్ ఇద్దరినీ తీసేశారు. అదే రాత్రి రెండు జట్లు మళ్ళీ తలపడ్డాయి. పక్, అంటే ఆట బిళ్ళ, కింద పడిన మొదటి సెకనులోనే జతలు జతలుగా కొట్లాట మొదలైంది.

జూలై చివరికి రేంజర్స్‌లో ర్యాన్ రీవ్స్ ఉన్నాడు.

మూడో రౌండు పిక్ ఎవరికి ఇచ్చినట్టు? రీవ్స్‌కా? నేనైతే మే 3న పనారిన్ మంచు మీద పడిన ఆ దృశ్యానికి ఇచ్చారంటాను. ఆ దృశ్యం యజమాని కళ్ళ ముందు ఆడినన్నాళ్ళూ ఆ ధర సబబే. పదహారు నెలలు గడిచాయి. రేంజర్స్ బాగా ఆడారు, కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే సెమీఫైనల్ దాకా వెళ్ళారు. పనారిన్‌ను ఎవరూ విసిరేయలేదు. భయం చల్లబడింది. భయం చల్లబడ్డాక చూస్తే బెంచి మీద 35 ఏళ్ళ మనిషి ఉన్నాడు, జీతం తీసుకుంటున్నాడు, కుర్రాళ్ళ చోటు ఆక్రమించాడు. ఐదో రౌండుకు ఇచ్చేశారు. ఏరు దాటాక తెప్ప తగలేశారంటే రేంజర్స్ వారికి కోపం రావచ్చు. కానీ ఆ పదహారు నెలల్లో ఎవరూ పనారిన్ జోలికి రాకపోవడానికి రీవ్స్ కారణమా కాదా? ఎవరు చెప్పగలరు? కాపలావాడి సంగతి ఇందాక అన్నాను కదా. దొంగ రాలేదు కాబట్టి కాపలా దండగ అన్నారు.

2017లో పిట్స్‌బర్గ్ కథా ఇదే తీరు. ఆ మే నెలలో, సీజన్ చివర కప్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో, ఆ జట్టు మేటి ఆటగాడు సిడ్నీ క్రాస్‌బీ ముఖానికి కర్ర దెబ్బ తగిలి కంకషన్ అయింది, అంటే మెదడు అదిరింది. అప్పటికే క్రాస్‌బీకి కంకషన్ల చరిత్ర ఉంది, దాదాపు ఒక ఏడాది ఆటకు దూరమైన మనిషి. పిట్స్‌బర్గ్ ఆ ఏడాది లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచింది కూడా. కప్ గెలిచిన జట్టుకు ఏ లోటు ఉంటుంది? అయినా కప్ గెలిచిన రెండు వారాలకే రీవ్స్ కోసం మొదటి రౌండు పిక్ ఇచ్చింది. ఇచ్చి, ఎనిమిది నెలలకు అతన్ని వేగస్‌కు పంపేసింది. ఈలోగా సెయింట్ లూయిస్ వారికి వెళ్ళిన ఆ కుర్రాడు సుండ్‌క్విస్ట్ 2019లో స్టాన్లీ కప్ ఎత్తాడు. భయంలో కొన్న వస్తువుకు తరువాత కూర్చుని లెక్క చూసుకుంటే ఇలాగే ఉంటుంది.

అలాగని రీవ్స్ వట్టి పిడికిలి కాదు, అది కూడా చెప్పాలి. 2018లో వేగస్ తన మొట్టమొదటి సీజన్‌లోనే ఫైనల్‌కు వెళ్ళింది గుర్తుందా? ఆ ఫైనల్‌కు చేర్చిన గెలుపు గోల్ కొట్టింది రీవ్స్. ఎవరి మీద? సొంత ఊరు విన్నిపెగ్ మీద, విన్నిపెగ్‌లోనే. మరుసటి సీజన్‌లో 9 గోల్స్ కొట్టాడు. అతని వయసు ఎన్‌ఫోర్సర్లందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక కూడా అతను మిగిలాడంటే కారణం అదే. స్కేటింగు చేయగలడు.

ఎందుకు అందరూ వెళ్ళిపోయారు? ఇది త్వరగా చెప్పేస్తాను. 1992లో కొట్లాట మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష వేసే నిబంధన వచ్చింది. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో పోయింది. తిరిగి వచ్చాక జట్టు జీతాలకు పరిమితి పెట్టారు, మొదటి ఏడాది 3 కోట్ల 90 లక్షల డాలర్లు. పట్టుకోవడం, అడ్డుపడడం మీద రిఫరీలు గట్టిగా పట్టించుకున్నారు, ఆట వేగం పెరిగింది. ఒక ఆటకు గోల్‌కీపర్లు కాక జట్టుకు 18 మందే బరిలోకి దిగుతారు. అందులో ఒకడు ఆరు నిమిషాలు ఆడి, మిగతా సేపు కూర్చుంటే, ఆ భారం మిగతావారి కాళ్ళ మీద పడుతుంది. పైగా ఏప్రిల్ వచ్చి ప్లేఆఫ్స్ మొదలైతే కొట్లాటలు తగ్గిపోతాయి. మిగతా ఆటగాళ్ళందరికీ ట్రేడ్ గడువు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది, ఎన్‌ఫోర్సర్‌కు మాత్రం సాధారణంగా అప్పుడే గిరాకీ తగ్గుతుంది. లీగ్‌లో 2008-09 సీజన్‌లో ఏడు వందలకు పైగా కొట్లాటలు జరిగితే పదేళ్ళకు అవి సుమారు మూడో వంతుకు పడిపోయాయి. అంతే ఆ కథ.

పాత రోజుల్లో మాత్రం ఎన్‌ఫోర్సర్‌కు రాజయోగం ఉండేదా? ఉండేది, వయసు ఉన్నంతవరకు. ఎడ్మంటన్‌లో మహా ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీకి నీడలా ఉన్నవాడు డేవ్ సెమెంకో. 1983లో మహమ్మద్ అలీతో మూడు రౌండ్ల ప్రదర్శన పోటీలో నిలబడ్డ మనిషి. గ్రెట్జ్‌కీ పక్కన ఉండగా రెండు స్టాన్లీ కప్‌లు. 1986 డిసెంబరులో, 29 ఏళ్ళ వయసులో, అతన్ని హార్ట్‌ఫర్డ్‌కు ఇచ్చారు. ఎంతకు? మూడో రౌండు పిక్‌కు. ఈ లెక్క చూసినప్పుడు నేను కాగితం పక్కన పెట్టేశాను. 1986లో సెమెంకోకు మూడో రౌండు. 2021లో రీవ్స్‌కు మూడో రౌండు. ముప్పై ఐదేళ్ళలో ఆట మొత్తం మారింది, నిబంధనలు మారాయి, జీతాలు ఆకాశానికి వెళ్ళాయి. పెద్ద కాపలావాడి రేటు మాత్రం అక్కడే ఉంది.

సెమెంకోను ఎందుకు ఇవ్వగలిగారు? అప్పటికే కొత్త కాపలా దొరికింది. మార్టీ మెక్‌సోర్లీ. ఎన్‌ఫోర్సర్‌కు అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన ఉదాహరణ కూడా నా దృష్టిలో ఇతనే. 1988 ఆగస్టు 9. కెనడా దేశమంతా కంటతడి పెట్టిన రోజు. గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చేసిన రోజు. కోటిన్నర డాలర్లు, ఇద్దరు కుర్రాళ్ళు, మూడు మొదటి రౌండు పిక్‌లు ప్రతిగా వచ్చాయి. ఆ బేరంలో గ్రెట్జ్‌కీ పట్టుబట్టి తనతో తీసుకువెళ్ళిన పేరు మెక్‌సోర్లీ. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు తన వెంట కావాలని అడిగింది గోల్స్ కొట్టేవాడిని కాదు, తనకు కాపు కాసేవాడిని. విలువ కట్టేవాడిగా నాకు ఇది కొట్టిపారేయలేని సాక్ష్యం. కాపలా వల్ల ఉపయోగం ఉందని అంకెలు రుజువు చేయలేకపోవచ్చు. దెబ్బలు తినేవాడు మాత్రం ఉందని నమ్మాడు.

ఇక టొరంటోవారిగా మనకు నొప్పి కలిగించేది ఒకటుంది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, 1988 నవంబరు. మన టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టును ఎవరుపడితే వారు తోసేస్తున్నారని, ఒక గట్టివాడు కావాలని, 23 ఏళ్ళ రస్ కోర్ట్‌నాల్‌ను మాంట్రియల్‌కు ఇచ్చి జాన్ కోర్డిక్‌ను తెచ్చుకున్నారు. కోర్ట్‌నాల్ మెరుపులా స్కేటింగు చేసేవాడు, మొత్తం మీద వెయ్యికి పైగా ఆటలు ఆడాడు. ఈ ఊరి హాకీ అభిమానులు ఈనాటికీ ఆ ట్రేడ్ పేరెత్తితే పళ్ళు కొరుకుతారు. ఎంత నష్టపోయాం అని. ఎంత నష్టపోయాం? 1992 ఆగస్టులో జాన్ కోర్డిక్ క్యూబెక్ నగరంలో చనిపోయాడు. 27 ఏళ్ళు. మాదకద్రవ్యాలు, స్టెరాయిడ్లు. ఆ ట్రేడ్ మంచిదా చెడ్డదా అని ముప్పై ఏళ్ళకు పైగా వాదిస్తున్నాం, ఆ వాదనలో కోర్డిక్ ఒక చెడ్డ బేరం పేరుగానే మిగిలాడు. ఇది నాకు బాధగా ఉంది. ఆ బాధ మీతో పంచుకోవాలనే ఈ రోజు మాట్లాడడానికి ఒప్పుకున్నాను.

మా నాన్నగారితో చిన్నప్పుడు ఒకసారి పశువుల సంతకు వెళ్ళాను. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పేవారు. బేరం పైకి వినిపించేది కాదు. కొనేవాడు, అమ్మేవాడు చేతుల మీద తువాలు కప్పుకుని, ఆ తువాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. ఎద్దు పక్కనే నిలబడి ఉండేది. జనరల్ మేనేజర్ల ఫోన్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ తువాలు గుర్తొస్తుంది. ఎద్దును కొన్న రైతు మాత్రం దాన్ని మూపు మీద తడిమి చూసేవాడు. కాడి మోసి మోసి కాయ కాసిన చోట చెయ్యి పెట్టి చూసేవాడు. అది నొప్పి పెడుతుంటే ధర తగ్గేది. ఎన్‌ఫోర్సర్ విషయంలో ఆ చోటు చేతికి అందదు. అది పుర్రె లోపల ఉంది.

డెరెక్ బూగార్డ్ పేరు విన్నారా? ఆరడుగుల ఏడంగుళాలకు పైగా ఎత్తు. 277 ఆటల్లో 3 గోల్స్. 2010 వేసవిలో రేంజర్స్ అతనికి నాలుగేళ్ళకు 65 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. భయంకరుడని ఇచ్చారు. ఆ డిసెంబరులో ఒట్టావాలో ఒక కొట్లాటలో దెబ్బ తగిలింది, అదే అతని ఆఖరి ఆట. 2011 మే నెలలో మద్యం, నొప్పి మాత్రలు కలిసి ప్రాణం తీశాయి. 28 ఏళ్ళు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో మెదడును పరీక్షిస్తే సీటీఈ అనే జబ్బు కనిపించింది, ఆ వయసుకు ఉండకూడనంత ముదిరి. తలకు పదే పదే తగిలిన దెబ్బలతో వచ్చే జబ్బు అది. మనిషి బతికి ఉండగా నిర్ధారించే పరీక్ష లేదు. అదే వేసవిలో, ఆగస్టులో, ఇదే పని చేసిన రిక్ రిపియన్, వేడ్ బెలాక్ కూడా పోయారు. వేడ్ బెలాక్ ఏళ్ళ తరబడి ఇక్కడే, మన టొరంటోకే ఆడాడు. నాలుగు నెలల్లో ముగ్గురు.

2023లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎన్‌ఫోర్సర్ల మరణాలను, వారితో సరిపోలే ఇతర ఆటగాళ్ళ మరణాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఎన్‌ఫోర్సర్లు ఎక్కువమంది చనిపోయారని తేలలేదు. చనిపోయినవారు మాత్రం సగటున పదేళ్ళు ముందుగా పోయారు. మత్తుమందులు, ఆత్మహత్యలు వారిలో ఎక్కువ. పదేళ్ళండీ! ఏ ట్రేడ్ పత్రంలో ఈ పదేళ్ళు రాశారు? యంత్రం అమ్మేటప్పుడు కంపించే బేరింగు ఉంటే నేను రాయాలి. రాయకపోతే నా లైసెన్సు పోతుంది. మాజీ ఆటగాళ్ళు లీగ్ మీద వేసిన కేసు 2018లో సుమారు 1 కోటీ 89 లక్షల డాలర్లకు రాజీ అయింది. మూడు వందల మందికి పైగా ఉన్నారు. తప్పు ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి చేతికి సుమారు 22 వేల డాలర్లు వస్తాయని అప్పుడు పత్రికల్లో వచ్చింది. గ్రెట్జ్‌కీ ఒక్కడి బేరంలో చేతులు మారిన నగదు కోటిన్నర, అదీ ఆ రాజీకి ముప్పై ఏళ్ళ ముందు.

జాన్ స్కాట్ సంగతి చెప్పకపోతే మా అబ్బాయి ఊరుకోడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు, మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా ఉన్నవాడు. 2016లో అభిమానులు ఓట్లు వేసి ఇతన్ని, లీగ్‌లోని మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్‌స్టార్ ఆటకు కెప్టెన్‌ను చేశారు. మొదట వేళాకోళంగానే వేశారు. తప్పుకోమని లోపల్లోపల ఒత్తిడి వచ్చింది, అతను తప్పుకోలేదు. జనవరి 15న అరిజోనా అతన్ని మూడు జట్ల ట్రేడ్‌లో కలిపి మాంట్రియల్‌కు పంపింది. మాంట్రియల్ వెంటనే న్యూఫౌండ్‌లాండ్‌లోని కింది స్థాయి జట్టుకు పంపింది. భార్య నిండు గర్భిణి, కవలలు. ఖండం ఆ చివర నుంచి ఈ చివరకు. అతనికి 33 ఏళ్ళు. ఆ ట్రేడ్‌లో ఏ జట్టూ అతన్ని కోరి తీసుకోలేదు, అవతలికి నెట్టారు. అయినా అభిమానులు గొడవ చేసి ఆల్‌స్టార్‌కు రప్పించారు. రెండు గోల్స్ కొట్టాడు. మేటి ఆటగాడి బహుమతికి పెట్టిన పేర్లలో అతని పేరు లేకపోతే జనం పట్టుబట్టి ఇప్పించారు. తోటి ఆటగాళ్ళు, ఒక్కొక్కడికి కోట్ల జీతం ఉన్నవాళ్ళు, అతన్ని భుజాల మీదకు ఎత్తుకున్నారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం నిలబడి చూశాం.

2024 మార్చిలో రేంజర్స్ ఇక్కడికి వచ్చారు. వారి కొత్త కుర్రాడు మ్యాట్ రెంపీ, 21 ఏళ్ళు, మహా ఎత్తు. మన రీవ్స్‌కు 37. ఇద్దరూ గ్లవ్స్ పడేశారు. చుట్టూ వేలమంది లేచి నిలబడ్డారు, నేనూ లేచాను, దాచడమెందుకు. కొట్లాట అయిపోయింది, ఇద్దరూ పెనాల్టీ పెట్టెల్లోకి వెళ్ళారు. మంచు మీద నాలుగు గ్లవ్స్ పడి ఉన్నాయి. తోటి ఆటగాడు ఒకడు వంగి, ఏవి ఎవరివో చూసి ఏరుకుని బెంచికి తీసుకువెళ్ళాడు. అంతవరకు ఆ గ్లవ్స్‌ను ఎవరు తీస్తారో నేను ఎప్పుడూ గమనించలేదు. రీవ్స్‌ను రేంజర్స్ ఐదో రౌండుకు ఇచ్చి పదహారు నెలలు కూడా కాలేదు, ఆ పని చేయడానికి వారికి 21 ఏళ్ళవాడు దొరికాడు.

మా పేటలో ఐస్ రింకు దగ్గర స్కేట్లకు పదును పెట్టే పెద్దాయన ఒకరున్నారు. మీ పిల్లల్లో కొందరి స్కేట్లు ఆయన చేతుల్లోంచే వస్తాయి. కుర్రతనంలో చిన్న లీగుల్లో ఇదే పని చేశారు. కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు ముడుచుకోవు. వేలి కణుపుల మీద తెల్లటి మచ్చలు ఉన్నాయి. ఎదుటివాడి పళ్ళు దిగిన చోట్లని ఒకసారి చెప్పారు. స్కేటును ఎడమచేత్తో పట్టుకుని, కుడి అరచేతి మడమతో ఆ సాన మీద ఒత్తి నడిపిస్తారు. తనను రెండుసార్లు ట్రేడ్ చేశారట. దేనికి ఇచ్చారని అడిగితే, 'నాకు చెప్పలేదు, నేను అడగలేదు' అన్నారు.

2025 జూలైలో రీవ్స్‌ను శాన్ హోసేకు ఇచ్చిన వార్త వచ్చిన రోజు నేను అబ్బాయి స్కేట్ల కోసం వెళ్ళాను. శాన్ హోసే ఎందుకు కొన్నదో నాకు అర్థమైంది. అక్కడ మాక్లిన్ సెలబ్రీనీ ఉన్నాడు, అప్పటికి 19 ఏళ్ళు, 2024 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్. నిధి ఉన్న చోట కాపలా కావాలి. ఆ ఉత్సాహంలో ఆయనతో అన్నాను, 'చూశారా, మార్చిలో ఉచితంగా వద్దన్నవాడికి ఇప్పుడు 24 ఏళ్ళ ఆటగాడిని ఇచ్చారు, 38 ఏళ్ళకు ఇది మంచి ధరే' అని.

ఆయన తల ఎత్తలేదు. సాన ఆపి, స్కేటు అంచును బొటనవేలితో తడిమి చూసుకున్నారు. 'అతనికి పిల్లలున్నారు కదా, అక్కడ బళ్ళు ఎప్పుడు తెరుస్తారో' అన్నారు.